పక్క వరుసకు వెళ్ళిపోయిన పళ్ళెం

గత డిసెంబరులో ఇక్కడ అమెరికాలో మన ఊరి తెలుగు క్రైస్తవ సహవాసాలన్నీ కలిసి జరిపిన ఐక్య క్రిస్మసు ఆరాధనకు ఈ పత్రిక పాఠకుల్లో చాలామంది వచ్చారు కనుక, పిల్లల నాటకంలో గొర్రెపిల్ల వేషం వేసిన బాబు వేదిక మీదే నిద్రపోయిన సంగతీ, బిర్యానీ ట్రేలు గంటన్నర ఆలస్యంగా వచ్చిన సంగతీ నేను మళ్ళీ చెప్పనక్కరలేదు. నేను చెప్పదలచుకున్నది నాటకానికీ బిర్యానీకీ మధ్య జరిగిన పది నిమిషాల ముచ్చట. దాన్ని గమనించినవారు తక్కువ; గమనించిన ఇద్దరు ముగ్గురు కూడా మర్యాద కొద్దీ నా దగ్గర ఎత్తలేదు.

మా అమ్మకు డెబ్బై తొమ్మిదేళ్ళు. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చింది. గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబంలో పుట్టిన ఆమెకు నెలల బిడ్డగా ఉన్నప్పుడే అయ్యగారు నెత్తిన మూడుసార్లు నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చారు. సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల, ఉన్న ఆదివారం ఆమె ఆరాధన అయ్యేదాకా కాఫీ కాదు గదా, మంచినీళ్ళు కూడా ముట్టదు. ఆ రోజూ అంతే. బయట మంచు పడుతుంటే తెల్లచీర కట్టుకుని, దాని మీద నా పాత కోటు వేసుకుని, ఉదయం నుంచి ఖాళీ కడుపుతో వచ్చి మూడో వరుసలో కూర్చుంది. పాస్టరుగారు బల్ల మీది తెల్లగుడ్డ తీసి, నీటిలో మునిగి బాప్తిస్మం పొంది రక్షణ నిశ్చయత కలిగినవారు మాత్రమే ప్రభువు బల్లలో పాలుపొందవలసిందిగా మైకులో ప్రకటించారు. అమ్మకు సరిగా వినపడలేదు. కొంగు తల మీదికి లాక్కుని, ఎడమ అరచేతి మీద కుడి అరచేయి పెట్టి, అరవై ఏళ్ళుగా చాపుతున్నట్టే చాపింది. పళ్ళెం పట్టుకున్న అబ్బాయి మంచివాడే, వంగి మెల్లగా, "మామ్మగారూ, మీది ముంచుడు బాప్తిస్మమేనా అండీ?" అని అడిగాడు. అమ్మ నా వైపు చూసింది. నేను ఏమీ అనలేకపోయాను. ఆమె చేతులు వెనక్కి తీసుకుని కొంగు సర్దుకుంది. ద్రాక్షరసం పోసిన చిన్న ప్లాస్టిక్ కప్పులు పళ్ళెంలో ఒకదానికొకటి తగులుతూ పక్క వరుసకు వెళ్ళిపోయాయి.

మనం అద్దెకు తీసుకున్న ఆ భవనం అమెరికన్ మెథడిస్టులది. వాళ్ళ ఆదివారపు ఆరాధనలో బల్ల అందరికీ తెరిచే ఉంటుంది. అమ్మ ఏ ఆదివారం వెళ్ళినా అక్కడ ఆమెను ఎవరూ ఏమీ అడగరు. అదే గోడల మధ్య, అదే బల్ల దగ్గర, తెలుగులో మాత్రమే ఆమెకు ఆ ప్రశ్న ఎదురైంది.

ఇంటికి వస్తుంటే కారులో అమ్మ అడిగిన మొదటి మాట: "ఆ అయ్యగారిది ఏ వూరంట?" ఒంగోలు వైపని చెప్పాను. "అయితే బాప్టిస్టులేగా. వాళ్ళ పద్ధతే అంతరా," అని సీటుకు వాలి కళ్ళు మూసుకుంది. నాలుగు నెలలుగా నేను చదివినదంతా అమ్మ ఆ ఒక్క ముక్కలో చెప్పేసిందని తర్వాత నాకు అర్థమైంది. మనలో ఎవరు ఏ శాఖ అన్నది మన ముత్తాతలు వేదశాస్త్రం చదివి తేల్చుకున్నది కాదు, ఏ మిషనరీ ఎడ్లబండి ఏ ఊళ్ళో ఆగిందన్న దాన్ని బట్టి తేలిపోయినది. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ హయ్యరు గుంటూరులో దిగాడు కనుక మేము లూథరన్లమయ్యాము. అమెరికన్ బాప్టిస్టు క్లౌ కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని పేదలకు పని చూపించి, ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు కనుక ఒంగోలు బాప్టిస్టులదైంది. కాకినాడకు కెనడా బాప్టిస్టులు, మెదక్కుకు వెస్లియన్ మెథడిస్టులు, డోర్నకల్లుకు ఆంగ్లికన్లు, పాలమూరుకు మెన్నొనైట్ బ్రదరెన్‌లు వచ్చారు. ఒకరి పొలంలో ఒకరు విత్తకూడదని మిషన్లు తమలో తాము ఒప్పందాలు చేసుకుని జిల్లాలు పంచుకున్నాయి. ఎక్కడో పాత దేశాల్లో జరిగిన తగాదాలు అలా మనకు జిల్లా సరిహద్దులుగా అందాయి.

ఆ తగాదాల చరిత్ర చదువుతున్నప్పుడు నన్ను ఆశ్చర్యపరిచినది ఏమిటంటే, వాటిలో చాలావరకు చివరకు ఇదే బల్ల దగ్గరకు వచ్చి నిలబడటం. అన్నీ అని అనను. 431లో ఎఫెసు సభ దగ్గర పారసీక దేశపు తూర్పు సంఘం వేరుపడటానికి దారి పడింది మరియమ్మను దేవమాత అనవచ్చా అన్న వాదంతో. 451లో కల్కెదోను సభ దగ్గర ఈజిప్టు, సిరియా, ఆర్మీనియా క్రైస్తవులు విడిపోవడానికి బీజం పడినది, క్రీస్తును రెండు స్వభావాల "నుండి" అనాలా, రెండు స్వభావాల "లో" అనాలా అన్న చోట. ఒక్క విభక్తి ప్రత్యయం కోసం పదిహేను వందల ఏళ్ళు మాట్లాడుకోలేదంటే మన అవధానులు కూడా నమ్మరు. నిజానికి దాని వెనుక చక్రవర్తి నగరమైన కాన్‌స్టాంటినోపుల్ మీద ఈజిప్టు అలెగ్జాండ్రియాకున్న అక్కసు కూడా కలిసి ఉంది. 1973లో రోము పోపూ, ఈజిప్టు క్రైస్తవుల కాప్టిక్ పోపూ కలిసి సంతకం పెట్టిన ప్రకటన చూస్తే, క్రీస్తును గురించి ఇద్దరి విశ్వాసమూ ఒక్కటేనని తోస్తుంది.

1054కు వచ్చేసరికి రొట్టె బల్ల మీదికి వచ్చింది. రోము పక్షపు పడమటివారు పులియని రొట్టె వాడేవారు, కాన్‌స్టాంటినోపుల్ పక్షపు తూర్పువారు, అంటే గ్రీకువారు, పులిసిన రొట్టె వాడేవారు. పిండి పులిసిందా లేదా అన్నది మన ఇళ్ళలో దోసెల నాటి ముచ్చట. గ్రీకువారికి మాత్రం పులుపు ప్రాణానికి గుర్తు, పులియని రొట్టె ప్రాణం లేని రొట్టె. దానికి తోడు పరిశుద్ధాత్మ తండ్రి నుండి మాత్రమే బయలుదేరుతాడా, కుమారుని నుండి కూడానా అన్న వాదం, అన్నిటికీ మించి పోపు పెత్తనం. 1054 జూలై 16న పోపు దూత కార్డినల్ హంబర్టు కాన్‌స్టాంటినోపుల్‌లోని హేగియా సోఫియా బలిపీఠం మీద వెలి పత్రం పెట్టి బయటికి నడిచాడు. ఎవరి పేరు మీద పెట్టాడో ఆ పోపు అప్పటికి మూడు నెలల కిందటే చనిపోయాడు. అయినా జనం మనసులు పూర్తిగా విరిగినది ఆ కాగితంతో కాదు. 1204లో పడమటి క్రూసేడు సైనికులు అదే నగరాన్ని దోచుకున్నప్పుడు విరిగాయి. ఆ వెలి పత్రాలను ఇరుపక్షాలవారూ వెనక్కి తీసుకున్నది 1965లో.

లూథరు 1517 అక్టోబరు 31న బయటపెట్టిన 95 వాదాలు పాపపరిహార పత్రాల అమ్మకం మీదనని మా కన్ఫర్మేషన్ క్లాసుల్లో కంఠతా పట్టించారు. వాటిని నిజంగా చర్చి తలుపుకు మేకులతో కొట్టాడా అన్నది మాత్రం పండితులు ఇంకా తేల్చలేదు. క్లాసుల్లో చెప్పనిది 1529లో మార్‌బర్గ్ కోటలో జరిగింది. లూథరూ, జూరిక్ నుంచి వచ్చిన సంస్కర్త జ్వింగ్లీ పదిహేను అంశాలు ముందు పెట్టుకుని పద్నాలుగింటిలో ఏకీభవించారు. మిగిలింది బల్ల. "ఇది నా శరీరము" అన్నప్పుడు రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉన్నదని లూథరు, రొట్టె దానికి గుర్తు మాత్రమేనని జ్వింగ్లీ. లూథరు సుద్దముక్కతో ఆ వాక్యం బల్ల మీద రాసి, పైన గుడ్డ కప్పి, వాదం ముదిరినప్పుడు గుడ్డ తొలగించి చూపించాడు. చివరకు జ్వింగ్లీకి సహవాసపు చేయి ఇవ్వలేదు. ప్రొటెస్టెంట్లు అక్కడ రెండయ్యారు. (ఇంగ్లండు సంగతి వేరు. 1534లో ఎనిమిదో హెన్రీ రోముతో తెగతెంపులు చేసుకున్నది బల్ల దగ్గర కాదు, పెళ్ళి దగ్గర.)

ఇక మా అమ్మను ఆపిన ప్రశ్నకు పుట్టిల్లు కూడా జూరిక్కే. 1525 జనవరిలో కొందరు యువకులు, పసిబిడ్డకు విశ్వాసం ఎలా ఉంటుంది, కాబట్టి పెద్దయ్యాక తెలిసి పుచ్చుకున్నదే బాప్తిస్మమని ఒకరికొకరు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. ఇక్కడ నేను మా పాస్టరుగారి పక్షాన నిలబడక తప్పదు. ఎందుకంటే, రెండేళ్ళు తిరక్కుండా ఆ గుంపులోని ఫెలిక్స్ మాంజ్‌ను జూరిక్ నగర సభ లిమ్మాట్ నదిలో ముంచి చంపింది. మునగాలన్నవాడికి మునకే శిక్ష అన్నమాట. మా లూథరన్లు 1530లో రాసుకున్న ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులోనూ వాళ్ళను పేరుపెట్టి ఖండించారు, ఆ ఖండన నీడలో ఎందరినో హింసించారు. దానికి ప్రపంచ లూథరన్ సమాఖ్య వాళ్ళ వారసులైన మెన్నొనైట్లను క్షమాపణ అడిగినది 2010లో. అంత వెల చెల్లించి నిలుపుకున్న నమ్మకాన్ని ఒక పాస్టరు తేలిగ్గా వదులుకోకపోతే నేను ఆయనను తప్పు పట్టలేను. కాకపోతే ఆయనకు ఒక చిన్నమాట: బాప్టిస్టుల మూలపురుషుడు జాన్ స్మిత్ 1609లో ఆమ్‌స్టర్‌డాంలో తన నెత్తిన తానే నీళ్ళు పోసుకుని బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఇంగ్లండు బాప్టిస్టులు నిండా మునగడం మొదలుపెట్టింది మరో ముప్పై ఏళ్ళకు.

చిన్నప్పటి మా ఊళ్ళో ఇలాంటివి ఎరగమని రాయాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే మా పెదనాన్న గుర్తుకొచ్చాడు. సంఘ పెద్ద. ఆయన కూతురు, మా అక్క, ఇరవై రెండేళ్ళప్పుడు పెంతెకోస్తువారి కూటాలకు వెళ్ళి కాలువలో మళ్ళీ బాప్తిస్మం తీసుకుంటే, సంఘ రిజిస్టరులో ఆమె పేరు మీద స్కేలు పెట్టి ఎర్రసిరాతో గీత కొట్టింది ఆయనే. ఆ తరువాతి క్రిస్మసుకు ఆమె వస్తే భోజనం పెట్టారు, సంస్కారం ఇవ్వలేదు. వీధి చివరి ఆర్‌సీఎం (కతోలిక) గుడికి మేము పండగ రోజు తిరణాల చూడటానికే వెళ్ళేవాళ్ళం, లోపలికి వెళ్ళేవాళ్ళం కాదు. మేము "నీ నామము పరిశుద్ధపరచబడుగాక" అంటుంటే అక్కడ "మీ నామము పూజింపబడును గాక" అనేవారు. దేవుణ్ణి మీరు అనేవాళ్ళకు భక్తి తక్కువని మాకు గట్టి నమ్మకం. కులం సంగతి ఎత్తితే ఈ పత్రిక పేజీలు చాలవు. అయినా ఒకటి ఒప్పుకోవాలి: ఎవరైనా పోయిన ఇంట రాత్రంతా కూర్చుని కీర్తనలు పాడేటప్పుడు మాత్రం ఏ శాఖవారో ఎవరూ అడిగేవారు కారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒక్కటే. అందులో పురుషోత్తమ చౌదరిగారి పాట వస్తే మా పెదనాన్న గొంతే అందరికన్నా పైకి లేచేది. చౌదరిగారు కటకంలో బాప్టిస్టుల చేత బాప్తిస్మం పొందిన మనిషని ఆయనకు ఎవరూ చెప్పలేదనుకుంటాను.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిశారు. తెలుగు లూథరన్లూ, తెలుగు బాప్టిస్టులూ బయటే ఉండిపోయారు. కానీ 1970లో నాగపూరులో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బాప్టిస్టులు కూడా లోపలికి వచ్చారు. పసితనపు బాప్తిస్మాన్నీ, పెద్దయ్యాక తీసుకునే బాప్తిస్మాన్నీ ఆ సంఘం రెండింటినీ అంగీకరించింది. అంటే ఇది మన దేశంలోనే, మనలాంటివారి మధ్యనే సాధ్యమైన పని.

కమిటీవారికి నా విన్నపం ఇది. ఏ సహవాసం తన ఆదివారాల్లో బల్లను ఎవరికి తెరుస్తుందో, ఎవరికి మూస్తుందో అది వారి మనస్సాక్షికి సంబంధించినది, దాని జోలికి నేను రాను. కతోలికులూ మామూలుగా ఇతరులకు దివ్యసత్ప్రసాదం (సంస్కారం) ఇవ్వరు, ఆర్థడాక్సులూ ఇవ్వరు. కానీ "ఐక్య" అని ఆహ్వానపత్రం మీద అచ్చు వేసిన రోజున, బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరికీ బల్ల తెరవండి. అది కుదరదంటే ఆ రోజు బల్ల అసలు పరచవద్దు. పాటలు పాడుకుందాం, వాక్యం విందాం, ఆలస్యంగానైనా బిర్యానీ తిందాం. అక్టోబరు సమావేశంలో ఈ అంశాన్ని పెట్టమని కార్యదర్శిగారికి రాశాను. పాస్టరుగారితో కూడా మాట్లాడాను. ఆయన నా మాట చివరిదాకా విని, ఆలోచిస్తానన్నారు.

అమ్మ నవంబరులో మళ్ళీ వస్తోంది. మొన్న ఫోనులో మందుల సంగతీ, పచ్చళ్ళ సంగతీ అయ్యాక అడిగింది: "ఈసారి క్రిస్మసుకు బల్ల ఉందా లేదా ముందే కనుక్కుని చెప్పు నాన్నా. దాన్నిబట్టి పొద్దున కాఫీ తాగాలో వద్దో చూసుకుంటాను."