‘అదనపు బరువులో సగం’ అంటే ఎన్ని కిలోలు?

160 సెంటీమీటర్ల ఎత్తు, 120 కిలోల బరువు ఉన్న ఒకరు సర్జన్ ఎదుట కూర్చున్నారనుకుందాం. బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీతో అదనపు బరువులో సగం పోతుందని ఆయన చెబితే, రోగి చెవిన పడేది ‘సగం’ అన్న మాట ఒక్కటే. అసలు లెక్క వేరు. బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత తగినదో చూపే కొలత) 25కు సరిపోయే 64 కిలోలు తీసేయగా మిగిలిన 56 కిలోలే అదనపు బరువు. అందులో సగం 28. అంటే ఆపరేషన్ తర్వాత కూడా 92 కిలోలు ఉంటారు. మోకాళ్లకూ గుండెకూ అది పెద్ద ఊరటే, కానీ హోర్డింగు మీది సన్నని బొమ్మను నమ్మి వచ్చినవారికి మోసపోయినట్టే ఉంటుంది.

ఫిన్లాండ్‌లో 240 మందిపై జరిగిన స్లీవ్‌పాస్ అధ్యయనం పదేళ్ల ఫలితాలను ఇదే కొలమానంలో చెప్పింది: స్లీవ్ (జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా మిగిల్చే ఆపరేషన్) చేయించుకున్నవారిలో అదనపు బరువు సుమారు 43 శాతం, బైపాస్ (గుండెది కాదు, జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి చిన్నపేగు మొదటి భాగాన్ని దాటించే ఆపరేషన్) చేయించుకున్నవారిలో సుమారు 51 శాతం తగ్గింది. మన లెక్కలోని వ్యక్తికి ఈ తేడా నాలుగైదు కిలోలకు మించదు. అయితే అదే అధ్యయనంలో అన్నవాహిక వాపు స్లీవ్ వారిలో 31 శాతం మందికి కనిపించగా, బైపాస్ వారిలో 7 శాతానికే పరిమితమైంది. జీర్ణాశయంలో అధికభాగాన్ని కోసి తీసేసే స్లీవ్‌ను తర్వాత వెనక్కి తిప్పలేం. కాబట్టి ఇప్పటికే ఛాతీమంటతో, పుల్లతేన్పులతో బాధపడేవారికి కిలోల కన్నా ఈ అంకె ముందు చెప్పాలి. చాలాచోట్ల జరిగేది ఇందుకు తలకిందులని నా అభిప్రాయం.

మధుమేహం విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 1987లో స్వీడన్‌లో మొదలై, ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, ముందే మధుమేహం ఉన్నవారిలో రెండేళ్లకు 72 శాతం మంది దాని నుంచి బయటపడ్డారు. పదిహేనేళ్లకు ఆ సంఖ్య 30 శాతానికి దిగింది. ‘షుగర్ పోతుంది’ అనేవారు మొదటి అంకెను, ‘ఏం లాభం లేదు’ అనేవారు రెండోదాన్ని పట్టుకుంటారు. ఆపరేషన్ చేయించుకోని మధుమేహులతో పోలిస్తే కళ్లు, మూత్రపిండాలు, నరాలను దెబ్బతీసే చిక్కులు వీరిలో దాదాపు సగమే ఉన్నాయన్న సంగతి ఇద్దరూ వదిలేస్తారు. షుగర్ తిరిగి వచ్చినా, మధ్యలో గడిచిన మంచి సంవత్సరాలు వృథా పోలేదన్నమాట. (వీరిలో ఎక్కువ మందికి చేసిన ఆపరేషన్ పద్ధతి ఇప్పుడు దాదాపు కనుమరుగైంది, అది కూడా రోగికి చెప్పవలసిన మాటే.)

ఆపరేషన్ ముందురోజు రాత్రి వార్డులో సంతకం చేయించుకునే అంగీకారపత్రంలో ఇవేవీ ఇమడవు. బీ12, ఐరన్, కాల్షియం మాత్రలకూ ఏటేటా రక్తపరీక్షలకూ జీవితాంతం అయ్యే ఖర్చు, బైపాస్ తర్వాత మద్యం త్వరగా తలకెక్కి వ్యసనంగా మారే ప్రమాదం, బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్లు ఆపితే బరువు మళ్లీ పెరుగుతుందన్న పోలిక: వీటిని ఇంట్లోవారితో కలిసి కనీసం రెండుసార్లు, మధ్యలో కొన్ని వారాల వ్యవధితో మాట్లాడుకోవాలి. రెండోసారి వచ్చినప్పుడు సర్జన్ అడగవలసిన ప్రశ్న ఒకటే: ‘పదేళ్లకు మీ బరువు ఎంత ఉంటుందనుకుంటున్నారు?’ జవాబు 64 కిలోలని వస్తే, ఆపరేషన్ తేదీ ఇంకా ఇవ్వకూడదు.