మూడో కంటికి తెలియని ముఖం

"ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. తేడా మాత్రం అందరికీ కనిపిస్తుంది."

పెళ్లిళ్ల సీజన్ వస్తోందని జూబ్లీహిల్స్‌లో ఒక సౌందర్య చికిత్సాలయం వారు అచ్చువేయించి నా కారు వైపరు కింద దోపి వెళ్లిన రంగుల కరపత్రంలోని మాటలివి. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన కూర్చోబెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయనకు తర్కం మీద ఏదో పాత పగ ఉంది. తేడా అందరికీ కనిపించాలట, ఇంట్లోవాళ్లకు తెలియకూడదట. అంటే ఇంట్లోవాళ్లు అందరిలో లెక్క కాదన్నమాట. పాపం, ఆ సంగతైనా వాళ్లకు ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది.

జారిన ముఖం చర్మాన్ని లాగి కుట్టే ఫేస్‌లిఫ్ట్‌కి వెళ్లేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ కరపత్రం వెనక వైపు చీమల బారులా అచ్చేశారు. ముడతలు పడ్డ వాళ్ల కోసం పెట్టిన చికిత్సకు జాగ్రత్తలు చదవాలంటే మాత్రం పాతికేళ్ల కళ్లు కావాలి. భూతద్దం పెట్టి చదివాను. ఆ జాగ్రత్తలకు వంక పెట్టడానికి లేదు, ఏ మంచి ప్లాస్టిక్ సర్జన్ అయినా చెప్పేవే. కాకపోతే వాటిని ఇంట్లో మూడో కంటికి తెలియకుండా పాటించడమెలాగో కరపత్రం చెప్పలేదు. ప్రజాహితం కోరి ఆ లోటు నేను పూరిస్తాను.

ఈ గుట్టు మనవాళ్లు కనిపెట్టిందేం కాదు. 1901లో బెర్లిన్‌లో ఓయ్‌గెన్ హొలాండర్ అనే సర్జన్ ఒక పోలండ్ జమీందారీ ఇల్లాలికి చెవుల దగ్గర చర్మం కోసి, లాగి కుట్టాడు. మొట్టమొదటి ఫేస్‌లిఫ్ట్‌గా చాలామంది దాన్నే చెబుతారు. ఆ సంగతి ఆయన అచ్చులో బయటపెట్టింది 1932లో. చేయించుకున్నావిడ దాచిందంటే సరే, చేసినవాడు కూడా ముప్ఫై ఏళ్లు నోరు మెదపలేదు. ఈలోగా ఆవిడ ముఖం మళ్లీ జారిపోయి ఉంటుంది, ఇంక దాచి లాభమేమిటనుకున్నాడో ఏమో.

ఇక మన ఊరికి వద్దాం. తార్నాకలో ఒక పెద్దమనిషి ఉన్నాడనుకోండి. దక్షిణ మధ్య రైల్వేలో రిటైరై రెండేళ్లయింది. మాఘంలో కొడుకు పెళ్లి. వియ్యంకుడు ఈయనకన్నా నాలుగేళ్లు పెద్ద, చూపులకు పదేళ్లు చిన్న. లగ్నపత్రిక రోజున ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీశారు. అది చూసిన మేనత్త పెళ్లికొడుకుని పిలిచి, "మీ నాన్న పక్కనున్నది పెళ్లికూతురి అన్నయ్యట్రా?" అని అడిగింది. ఆ రాత్రికి పెద్దమనిషి నిర్ణయం తీసేసుకున్నాడు.

జాగ్రత్తల్లో మొదటిది సిగరెట్. సర్జరీకి కనీసం నాలుగు వారాల ముందు మానాలి, తర్వాత కూడా కొన్ని వారాలు ముట్టకూడదు. నికోటిన్ సన్న రక్తనాళాలను బిగించేస్తుంది, లాగి కుట్టిన చర్మానికి రక్తం అందక చెవి వెనక నల్లబడి చచ్చిపోతుంది. మందు కూడా మానాలి. వెల్లుల్లి మాత్రలు, చేపనూనె, విటమిన్ ఇ లాంటివి రక్తస్రావం పెంచుతాయి కాబట్టి వాటినీ ఆపాలి. (గుండెకోసం ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు డాక్టరు చెప్పకుండా ఆపారో, ముఖం సంగతి తర్వాత, మనిషికే ముప్పు.) నలభై ఏళ్ల అలవాట్లను మొగుడు ఒక్క పూటలో వదిలేస్తే ఏ భార్య అయినా ఏమనుకుంటుంది? ఏ రిపోర్టు వచ్చిందో, నా దగ్గర దాస్తున్నారు అని బీరువాలన్నీ వెతుకుతుంది.

ఉపాయం బావమరిది చెప్పాడు. "మాల వేసుకో బావా."

ఇంకేముంది! నల్లబట్టలు, మెళ్లో తులసి మాల, కాళ్లకు చెప్పుల్లేవు. నలభై ఒక్క రోజులు సిగరెట్ లేదు, మందు లేదు, పప్పులో వెల్లుల్లి కూడా లేదు. ఏ కార్పొరేట్ ఆసుపత్రీ చేయించలేని సర్జరీ ముందు పథ్యం స్వామివారి పేరు చెబితే ఉచితంగా జరిగిపోయింది. ఎదురొచ్చిన వాళ్లంతా "స్వామీ" అని చేతులు జోడిస్తున్నారు. భార్య తెల్లవారుజామున నాలుగింటికే లేచి తలస్నానం చేసి వండిపెడుతోంది. ఆయన భజనలో కూర్చుని కళ్లు మూసుకుంటే లోపల తిరిగేది శరణుఘోష కాదు, హెచ్‌బీఏ1సీ అనే షుగరు పరీక్ష రిపోర్టు. మణికంఠుడు క్షమించుగాక, ఆయన పేరు అడ్డం పెట్టుకుని ఈ ఊళ్లో ఇంతకన్నా ఘోరాలు చేసినవాళ్లున్నారు.

కానీ రెండు చోట్ల దీక్షకీ డాక్టరుకీ పడలేదు. జుట్టుకు రంగు వేసుకోవాలనుకుంటే సర్జరీకి ముందే వేసుకోమన్నాడు డాక్టరు, గాట్లు పూర్తిగా మానేదాకా వారాలపాటు రంగు తగలకూడదు. దీక్షలో రంగేమిటని గురుస్వామి. వేయకపోతే పెళ్లినాటికి నలభై ఏళ్ల ముఖం మీద అరవై ఏళ్ల జుట్టు కూర్చుంటుంది. రెండోది గడ్డం. ఆడవాళ్లకు లేని చిక్కు ఇది. చెంప చర్మాన్ని వెనక్కి లాగితే దానిమీద మొలిచే వెంట్రుకలు కూడా దానితోపాటే వెళ్తాయి. ఆ తర్వాత కొందరు మగవాళ్లు చెవి తమ్మె వెనక కూడా షేవింగ్ చేసుకోవాల్సి వస్తుంది. ఇంట్లో అందరినీ మభ్యపెట్టి గెలిచినవాడు చివరికి సెలూన్ కుర్రాడి ముందు "కాస్త చెవి వెనకాల కూడా గీకు నాయనా" అనాల్సిందే. మన కథల్లో రాజుగారి గాడిద చెవుల సంగతి బయటపడిందే అక్కడ.

బతికే ఉన్నానని పెన్షన్ కోసం ఇచ్చే జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్ నవంబరులోనే ఇచ్చేశాడు. తెలివైనవాడు. తర్వాత ఆ వాచిన ముఖం ఫోన్‌కి చూపించి, ఈయన ఎవరో మాకు తెలియదని యంత్రం అంటే పెన్షన్ ఆగేది.

మూడు వారాలు కనిపించకుండా పోవడానికి సాకు కూడా సిద్ధంగా ఉంది. డిసెంబరు నెలాఖరున ఇరుముడి, మకరజ్యోతి చూసుకునే రాక. వాపులు, కమిలిన మచ్చలు చాలావరకు తగ్గేది అప్పటికే. వచ్చాక ముఖంలో ఆ కళ ఏమిటని ఎవరైనా అడిగితే, జ్యోతి దర్శనం! ఇంత పకడ్బందీగా రైల్వేలో ఒక్క బండి నడిపి ఉంటే ఈ దేశం ఎక్కడికో వెళ్లేది. ప్రయాణం ముందురోజు సంచి సర్దుతూ భార్య అడిగింది.

"ఈ ఐస్ ప్యాకులు దేనికండీ?"

"పంబ దగ్గర ఎండ."

"డిసెంబరులోనా?"

"కేరళలో అంతే."

"అన్నీ ముందు గుండీలున్న చొక్కాలే పెట్టారేం? బనియన్లు లేవు."

"స్వాముల పద్ధతి."

"మెత్తటి దిండ్లు రెండెందుకు? దీక్షలో తలకింద దిండే పెట్టుకోకూడదుగా!"

దీనికి మాత్రం ఆయన శరణుఘోష అందుకున్నాడు. మత్తు దిగాక ముఖం వాచకుండా తల ఎత్తులో పెట్టి పడుకోవాలని, తల మీంచి లాగే బట్టలు వేసుకోకూడదని డాక్టరు ఇచ్చిన చీటీలో ఉంది. చీటీ పంచె మడతలో ఉంది.

డబ్బు సంగతి చెప్పలేదు కదూ. అందానికి చేసే సర్జరీకి బీమా రాదు. పైగా జీఎస్టీ. పుట్టుకతో వచ్చిన లోపానికో, ప్రమాదంలో దెబ్బతిన్న ముఖానికో చేస్తే పన్ను లేదు, వియ్యంకుడి మీద అసూయకు చేస్తే ఉంది. ఆదాయప్పన్ను వాళ్లెప్పుడూ ఇంత ఆలోచించి చట్టం రాసినట్టు నాకు గుర్తులేదు.

అన్ని జాగ్రత్తల్లోకీ పెద్దది బీపీ. ఫేస్‌లిఫ్ట్ తర్వాత ఎక్కువగా వచ్చే ఇబ్బంది చర్మం కింద రక్తం చేరడం. ఆడవాళ్లలో కన్నా మగవాళ్లలో ఎక్కువ, బీపీ ఉంటే మరీ ఎక్కువ. అలా చేరితే ఒక్కోసారి అప్పటికప్పుడు మళ్లీ థియేటర్లోకి తీసుకెళ్లి కుట్లు విప్పాల్సి వస్తుంది. కాబట్టి మనసు ప్రశాంతంగా ఉంచుకోమని కరపత్రం చెప్పింది. భార్యకు, కొడుకుకు, వియ్యాలవారికి, గురుస్వామికి, దేవుడికి తలా ఒక అబద్ధం చెప్పి ప్రశాంతంగా ఉండమని! అయిదు అబద్ధాలు మోస్తున్నవాడి బీపీ ఏ మాత్రకు దిగుతుంది?

చివరి జాగ్రత్త: సర్జరీ అయ్యాక కనీసం 24 గంటలు తోడుగా పెద్దవాళ్లెవరైనా ఉండాలి. అంగీకార పత్రంలో వాళ్ల పేరు, ఫోన్ నంబరు, రోగితో సంబంధం రాయాలి. బావమరిదికి సరిగ్గా ఆ రోజే ఏదో పని పడింది. పెద్దమనిషి డ్రైవర్ని పిలిచి సంతకం పెట్టించాడు. సంబంధం అన్నచోట ఆ అబ్బాయి కాసేపు ఆలోచించి "కారు" అని రాశాడు.

నవ్వొస్తోంది కదా. లోపల మత్తులో ఏదైనా తేడా జరిగితే ఆ డ్రైవరు ఎవరికి ఫోన్ చేయాలి? ఏమని చెప్పాలి?

2024 ఫిబ్రవరిలో ఇదే జూబ్లీహిల్స్‌లో, పెళ్లి కుదిరిన 28 ఏళ్ల కుర్రాడు చిరునవ్వు దిద్దించుకోవడానికి ఒక దంతవైద్యశాలకు వెళ్లి శవమై బయటికొచ్చాడు. మత్తుమందు ఎక్కువై పోయాడని తండ్రి ఆరోపించాడు. ఈ చికిత్స సంగతి కొడుకు తమకు చెప్పనే లేదని, స్పృహ తప్పాడని అక్కడివాళ్లు ఫోన్ చేస్తే తెలిసిందని ఆ తండ్రే చెప్పాడు. 2016లో ఇదే హైదరాబాద్‌లో ఒక కుర్ర ఇంజనీరు ఎత్తు పెరగాలని, కాళ్ల ఎముకలు కోసి సాగదీసే సర్జరీకి ఇంట్లో చెప్పకుండా చేరాడు. కొడుకు కనబడ్డం లేదని తల్లిదండ్రులు పోలీసుల దగ్గరికి పరుగెత్తారు. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు అన్న మాటకు అర్థం ఇది. దీన్ని మీరు రంగుల్లో అచ్చేసి కార్లకు పంచుతారా? సిగ్గుండక్కర్లేదూ?

ఎందుకు అచ్చేస్తారో నాకు తెలుసు. ఇంట్లోవాళ్లు వస్తే ప్రశ్నలు వస్తాయి. కత్తి పట్టేది ఎవరు? ఆయన ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పెద్ద డిగ్రీ చేశాడా, వారాంతపు కోర్సు చేశాడా? మత్తు డాక్టరు మొదటినుంచి చివరిదాకా గదిలోనే ఉంటాడా? గుండె ఆగితే ఐసీయూ ఈ భవనంలో ఉందా, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ట్రాఫిక్ దాటాక ఉందా? జుట్టు నాటే వైద్యం యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటే చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లో కాగితం మీద రాయాల్సి వచ్చిన దేశం ఇది. ఒంటరిగా, దొంగచాటుగా, నల్లకళ్లజోడు పెట్టుకుని వచ్చినవాడు ఇవేమీ అడగడు. ఎప్పుడు చేస్తారు, ఎప్పుడు పంపిస్తారు, రెండే అడుగుతాడు. ఏమైనా అయితే పరువు పోతుందని ఫిర్యాదు కూడా చేయడు. మీరు అమ్ముతున్నది అందం కాదు, అడిగేవాళ్లు లేకపోవడం. ముఖం బాగుచేసుకోవాలనుకునే మనిషిలో నాకు తప్పేమీ కనబడదు. అరవై ఏళ్ల హీరోకి పాతికేళ్ల అమ్మాయిని జోడీ కట్టి చూపిస్తే ఈలలు వేసే మనం, పక్కింటాయన ముడతలకు సిగ్గుపడితే నవ్వే హక్కు పోగొట్టుకున్నాం. కానీ ఆ సిగ్గును పట్టుకుని, అతని పక్కన ఉండాల్సిన మనుషుల్ని ఒక్కొక్కరినీ దూరం చేసి, ఒంటరివాణ్ని చేసి బల్ల మీద పడుకోబెట్టడం వైద్యం కాదు.

అదృష్టవశాత్తూ తార్నాక పెద్దమనిషికి పడ్డ సర్జన్ కరపత్రం కన్నా మంచివాడు. సర్జరీ ముందు పరీక్షలకు వెళ్లిన రోజు మత్తు డాక్టరు ఒక్కొక్కటే అడుగుతున్నాడు.

"సిగరెట్?"

"మానేసి నలభై రోజులైంది సార్."

"మొన్న పెరట్లో రెండు కాల్చారు," అంది వెనక నుంచి భార్య. సంతకం పెట్టిన రోజే డ్రైవరు వెళ్లి అమ్మగారికి చెప్పేశాడట, ఆవిడ వెనకే ఆటోలో వచ్చింది.

"బీపీ మాత్రలు?"

"వేసుకుంటున్నా."

"ఆదివారం నుంచి లేదు డాక్టరుగారూ. పట్టీ నా దగ్గరే ఉంది, లెక్కపెట్టుకోండి."

బీపీ చూశారు. పైది నూట డెబ్బై. ఇప్పుడు సర్జరీ కుదరదు, బీపీ అదుపులోకి వచ్చాక మాట్లాడదామని డాక్టరు ఫైలు మూసేశాడు. పెద్దమనిషి నల్లబట్టల్లో, చెప్పుల్లేని కాళ్లతో కారిడార్లో నిలబడ్డాడు. ఇరుముడి కారు వెనక సీట్లో ఉంది.

"ఎలాగూ బయల్దేరారు," అంది భార్య. "మీ పాసు మీద శబరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ చేయించాను. పదండి, బండి టైమవుతోంది. ఆ ఐస్ ప్యాకులు మాత్రం ఇటివ్వండి."