ఎలుక కాలి వాపుపై మన ఘన విజయం

మన దగ్గర వైద్య పరిశోధనే లేదని ఊరికే నోరు పారేసుకునేవాళ్లు ఒక్కసారి ఏదైనా ఫార్మసీ కాలేజీ లైబ్రరీకి వెళ్లి, ఎం.ఫార్మ్ థీసిస్‌లు పెట్టిన బీరువా తెరిపించుకుని చూడాలని నా మనవి. తాళంచెవి ఎక్కడుందో వాళ్లు వెతికేలోగా లోపల ఏముందో నేనే చెప్పేస్తాను. మునగాకు ఉంటుంది, నేలవేము ఉంటుంది, తిప్పతీగ, నల్లేరు, తంగేడు పువ్వు, దానిమ్మ తొక్క, చింతగింజ, ఇంకా పెరట్లో పెంచేవి, పెరట్లోంచి పీకి పారేసేవి అన్నీ ఉంటాయి. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, మొదటి పేజీలో అమ్మానాన్నలకు అంకితం. చివరి పేజీలో మాత్రం అన్నిటికీ ఒకటే ముక్తాయింపు: ఇన్‌ఫ్లమేషన్ (అంటే వాపు, మంట) తగ్గింది, ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఫ్రీ రాడికల్స్ అనే దుడుకు అణువులు ఒంట్లో పెరిగి చేసే హాని) తగ్గింది, రోగనిరోధక శక్తి మెరుగుపడింది.

ఎవరికి అంటారా? ఎలుకకు.

ఆ ఎలుకను తక్కువగా చూడకండి. అది విస్టార్ రకం. 1906లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైన వంశం. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు. దాన్ని ముట్టుకోవాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. 12 గంటలు వెలుతురు, 12 గంటలు చీకటి, 22 నుంచి 25 డిగ్రీల చల్లదనం, వేళకు తిండి, ఎప్పుడంటే అప్పుడు మంచినీళ్లు. మే నెల ఎండల్లో దాన్ని చూసుకునే విద్యార్థికి హాస్టల్లో ఈ సౌకర్యాల్లో సగం కూడా ఉండవు, కానీ ఆ అబ్బాయి మీద ఎవరూ పేపర్ రాయడం లేదు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

ఇక ప్రయోగం. కారాజీనన్ అని ఒక పదార్థం ఉంది, ఎర్రరకం సముద్రపు నాచు నుంచి తీస్తారు, ఐస్‌క్రీమ్‌ చిక్కగా ఉండటానికి కూడా వాడతారు. దాన్ని ఒక శాతం ద్రావణంగా కలిపి, 0.1 మిల్లీలీటరు ఎలుక వెనక కాలి పాదంలోకి సూదితో ఎక్కిస్తారు. కాసేపటికే పాదం బూరెలా పొంగుతుంది. చీలమండ దగ్గర పెన్నుతో ఒక గీత గీసి, ఆ గీత దాకా కాలిని ఒక గాజు గొట్టంలోని ద్రవంలో ముంచి, ఎంత పైకి లేచిందో చూసి గంటగంటకూ నోట్ చేసుకుంటారు. ఎలుక ఊరుకోదు, గింజుకుంటుంది, కాలు గీత దాటి మునుగుతుంది లేదా గీత దాకా మునగదు, ఎలుకను పట్టుకున్నవాడు ఒకటి చదువుతాడు, రాసుకునేవాడు ఇంకోటి రాస్తాడు. చివరికి దశాంశం తర్వాత రెండు అంకెలు వస్తాయి.

సరే, కాలు వాచింది కదా, ఇక మందు వేస్తారు అని మీరు అనుకుంటే మీకు పరిశోధన పద్ధతులు తెలియవన్నమాట. మందు గంట ముందే వేసేశారు! ముందు మందు, తర్వాత జబ్బు. 1962 నుంచీ ప్రపంచమంతా ఇదే వరస, మనవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. వాపు మందులకు తొలి వడపోతగా దాన్ని పెట్టారు, మనం దాన్నే ఫైనల్స్ చేసుకున్నాం. కాబట్టి ఇరవై ఏళ్లుగా మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతున్న మా పెద్దమ్మ చేయాల్సిన పని చాలా తేలిక: ఇరవై ఏళ్ల వెనక్కి వెళ్లి, నొప్పి మొదలవడానికి సరిగ్గా గంట ముందు మునగాకు కషాయం తాగాలి.

డోసు సంగతీ చెప్పాలి. కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు, 400 మిల్లీగ్రాములు. ఏ ఆకైనా, ఏ వేరైనా సాధారణంగా ఇవే రెండు. ఎందుకని అడిగితే సీనియర్ థీసిస్‌లో అలాగే ఉంది. ఆ సీనియర్‌కు ఒక సీనియర్ ఉన్నాడు, ఆయన ఇప్పుడు వేరే కాలేజీలో ప్రిన్సిపాల్. ఎలుక డోసును మనిషికి మార్చాలంటే సుమారు ఆరుతో భాగించాలని ఒక లెక్క ఉంది, ఆ లెక్కన 60 కిలోల మనిషి ఒక్కో పెద్ద డోసుకు 4 గ్రాముల ఎండుసారం మింగాలి. ఆకు కాదండీ, సారం. అంత సారానికి ఎంత ఆకు దంచాలో చెబితే మేక కూడా వెనకడుగు వేస్తుంది.

ఫలితాల పట్టిక చూస్తే కళ్లు చెమరుస్తాయి. గుంపుకు ఆరు ఎలుకలు. 200 డోసుకు వాపు కొంచెం తగ్గుతుంది, 400కి ఇంకొంచెం తగ్గుతుంది, పోలికకు పెట్టిన నొప్పి మందు డైక్లోఫెనాక్ దరిదాపుల దాకా వచ్చి ఒక మెట్టు కింద ఆగిపోతుంది. పెద్దల పట్ల ఆ మాత్రం మర్యాద మన ఆకుల్లో ఇంకా మిగిలి ఉంది.

యాంటీ ఆక్సిడెంట్ పరీక్షకైతే, అంటే ఫ్రీ రాడికల్స్‌ని అణిచే గుణం ఉందో లేదో చూడటానికైతే, ఎలుక కూడా అక్కర్లేదు. డీపీపీహెచ్ అని ఊదారంగు రసాయనం ఒకటి, పరీక్షనాళికలో పోసి ఆకు సారం కలిపితే పసుపు రంగుకు తిరుగుతుంది. ఎంత తిరిగితే అంత మార్కు. గ్రీన్ టీ పాస్, కాఫీ పాస్, ఉల్లితొక్క పాస్, పొలాల్లో రైతుల ప్రాణం తీసే వయ్యారిభామ కూడా పాస్. పదో తరగతి ఫలితాల్లో కార్పొరేట్ స్కూళ్లకు కూడా ఇంత ఉత్తీర్ణత శాతం ఉండదు. ఈ మధ్య డాకింగ్ అని ఇంకో సుఖం వచ్చింది: కంప్యూటర్లో ఆకులోని అణువు బొమ్మను తెచ్చి వాపును ఎగదోసే టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే ప్రోటీన్ బొమ్మ పక్కన పెడితే రెండూ అతుక్కుంటాయి. అతుక్కోకపోవడం అనేది నేను ఏ పేపర్లోనూ చూడలేదు. ఎలుకకు కూడా సెలవు.

ఇదంతా ఎందుకని అడిగే చాదస్తులు ఉంటారు. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు జర్నల్లో పేపర్ పడి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది, నిజమే. అంతమాత్రాన ప్రమోషన్‌కు, ఇంక్రిమెంట్‌కు, కాలేజీలకు గ్రేడ్లు వేసే నాక్ టీం వచ్చినప్పుడు ఫైల్లో చూపించడానికి పేపర్లు వద్దంటారా? ప్రతి పేపర్ చివరా “మరిన్ని పరిశోధనలు అవసరం” అని ఉంటుంది. ఆ మరిన్ని పరిశోధనలు ఎవరు చేస్తారంటే, తర్వాతి బ్యాచ్. ఇంకో ఆకు మీద. పేపర్ల సంఖ్య చూసి ఇది వాపా బలుపా అని అడగకండి, వాపును తగ్గించడమే మన స్పెషలైజేషన్.

అసూయతో కొందరు విదేశీయులు ఈ శాస్త్రాన్ని మనుషుల మీద పరీక్షించి పాడు చేశారు. 1956లో డెన్హమ్ హార్మన్ అనే ఆయన ముసలితనానికి ఫ్రీ రాడికల్సే కారణమని హాయిగా ఒక సిద్ధాంతం చెప్పాడు, మిగతావాళ్లు అక్కడితో ఆగి మాత్రలు అమ్ముకోవచ్చు కదా, ఆగలేదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లను తీసుకుని, యాంటీ ఆక్సిడెంట్లని పేరున్న వాటిలో కొందరికి బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, కొందరికి ఉత్తి మాత్రలు ఏళ్ల తరబడి ఇచ్చి, 1994లో లెక్క తేల్చారు. బీటా కెరోటిన్ తిన్నవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం పెరిగింది. తగ్గడం కాదు, పెరిగింది. అమెరికాలో 18,314 మందితో ఇలాంటిదే ఇంకోటి మొదలుపెట్టి, అక్కడ 28 శాతం ఎక్కువ కేన్సర్లు కనబడేసరికి 1996లో గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. ఆరు ఎలుకలతో సరిపెట్టుకుని ఉంటే ఈ అప్రతిష్ఠ వచ్చేదా?

2009లో జర్మనీవాళ్లు ఇంకో అడుగు ముందుకు వేసి, నాలుగు వారాలు వ్యాయామం చేయించి, కొందరికి విటమిన్ సి, ఇ మాత్రలు కూడా ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్ల ఒంట్లో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలుపెట్టింది, వేసుకున్నవాళ్లకు ఆ లాభం దక్కలేదు. వ్యాయామంలో పుట్టే కాస్త ఆక్సిడేటివ్ స్ట్రెసే కండరాన్ని మేల్కొలుపుతుందట. కాలనీ పార్కులో ఎనిమిది రౌండ్లు నడిచి, గేటు దగ్గర బండి మీద యాంటీ ఆక్సిడెంట్ జ్యూస్ తాగి ఇంటికెళ్లే పెద్దలకు ఈ వార్త చేరకుండా చూడాల్సిన బాధ్యత మనందరిదీ.

ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ ఫ్రీ రాడికల్స్‌ని మన ఒళ్లే కావాలని తయారు చేస్తుంది. వేలు తెగి చీము పట్టే సమయానికి తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి, సూక్ష్మజీవిని మింగి, దాని మీద ఇవే ఆక్సిజన్ విషాలను కుమ్మరించి చంపుతాయి. ఆ విషం తయారుచేసే ఎంజైమ్ లోపంతో పుట్టిన పిల్లలు ఉంటారు, వాళ్లకు ఒకదాని వెంట ఒకటి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు. కానీ ఇలాంటివి డబ్బా మీద రాస్తే పొడి ఎవడు కొంటాడు?

పసుపు గురించి మాట్లాడకపోతే దేశద్రోహం అవుతుంది. గాయాలకు పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీవాళ్లు పేటెంట్ కొట్టేస్తే, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. తాతల నాటి నుంచీ వాడుతున్నామని రుజువు చేసి గెలిచాం, అది నిజంగానే గెలుపు. పనిచేస్తుందని రుజువు చేయమని ఆ కేసులో ఎవరూ అడగలేదు, మనం కూడా గుర్తు చేయలేదు. 2017లో కొందరు రసాయన శాస్త్రవేత్తలు పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థం మీద వచ్చిన సాహిత్యమంతా తిరగేసి, 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా డబుల్ బ్లైండ్ పద్ధతిలో, అంటే ఎవరికి మందు ఇచ్చారో ఎవరికి ఉత్తి మాత్ర ఇచ్చారో రోగికీ డాక్టరుకీ తెలియనివ్వని పద్ధతిలో, నెగ్గినది ఒక్కటీ లేదని రాశారు. పైగా అది రక్తంలోకి సరిగా ఎక్కదట, పరీక్షల్లో పనిచేసినట్టు నటిస్తుందట. నటనను ఇంతగా ఆదరించే జాతి దగ్గర ఇది కూడా ఒక తప్పేనా!

కరోనా కాలం మనందరికీ గుర్తే. ప్రతి ఇంట్లో మిరియాలు, శొంఠి, తిప్పతీగ కలిపి మరిగించి, ఇమ్యూనిటీ పెంచుకునే పనిలో గొంతు మంట తెచ్చుకున్నాం. సరిగ్గా అదే రోజుల్లో, 2020 జూన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు ఒక ట్రయల్ ఫలితం ప్రకటించారు: వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను మూడో వంతు తగ్గించిన మందు డెక్సామెథసోన్. చవకైన పాత స్టెరాయిడ్. అది చేసేది ఇమ్యూనిటీని పెంచడం కాదు, పట్టపగ్గాల్లేకుండా పోయినదాన్ని అణచడం. అంటే వార్డు బయట బంధువులు పెంచే మందు ఫ్లాస్కులో పట్టుకుని కూర్చుంటే, లోపల డాక్టర్లు తగ్గించే మందు ఎక్కిస్తున్నారు. సోరియాసిస్ ఉన్న మా వీధి టైలర్‌కు ఇమ్యూనిటీ బూస్టర్ డబ్బా బహుమతిగా ఇచ్చిన ఉదారులను కూడా నేను ఎరుగుదును. ఆయన చర్మం ఊడి రాలుతున్నదే అది ఎక్కువై.

మనవాడు ఒకాయన ఈ రంగంలో దారి తప్పిన మాట కూడా దాచకూడదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన నడిపిస్తూ, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను అడ్డుకునే మందుల మీద పడ్డారు. అలా ఆ కంపెనీ నుంచి వచ్చినదే మెథోట్రెక్సేట్. మొదట బ్లడ్ కేన్సర్‌కు, ఆ తర్వాత, అమెరికాలో అయితే 1988లో అనుమతి వచ్చి, కీళ్లవాతానికి. ఇవాళ ఆ జబ్బుకు డాక్టర్లు ముందుగా రాసే మాత్ర అదే, అదీ వారానికి ఒక్కసారే. ఇదే పరిశోధనకు సినాప్సిస్, అంటే ముందుగా ఇచ్చే ప్రతిపాదన, ఇప్పుడు మన దగ్గర పెట్టి ఉంటే, “విటమిన్‌ను పెంచాలి గానీ అడ్డుకోవడమేంటండీ, టైటిల్ మార్చండి” అని మొదటి మీటింగ్‌లోనే వెనక్కి పంపేవాళ్లం.

అందుకని ప్రభుత్వానికి నాదొక ప్రతిపాదన. ఇన్ని ఆకులు పనిచేశాయి, ఇక పనిచేయనిదాన్ని కనిపెట్టినవాళ్లకు బంగారు పతకం ఇవ్వాలి. వాపు తగ్గించని వేరు ఒక్కటి, రంగు మార్చని కాయ ఒక్కటి, ఏ ప్రోటీన్‌కూ అతుక్కోని పదార్థం ఒక్కటి. పనిచేయలేదన్న పేపర్ వేసుకునే జర్నల్ దొరకడం కష్టమే, అయినా ఆశ పడదాం. ఎక్కడో ఒక ల్యాబ్‌లో ఒక అమ్మాయి నిజంగానే అలాంటి ఆకును పట్టుకుని, మూడుసార్లు చేసి చూసి, ఊదారంగు ఊదారంగుగానే ఉన్న పరీక్షనాళికను భయం భయంగా గైడ్ దగ్గరికి తీసుకెళ్లే ఉంటుంది. ఆయన టీ కప్పు పక్కన పెట్టి, కళ్లద్దాలు పైకి తోసుకుని చెప్పే మాట కూడా నాకు తెలుసు.

“రిజల్ట్ రాకపోవడమేంటమ్మా, సారం నీళ్లలో తీసుంటావు. మిథనాల్‌లో నానబెట్టి మళ్లీ చెయ్యి.”