మహారాజశ్రీ కూల్ డ్రింక్ గారికి

మహారాజశ్రీ కూల్ డ్రింక్ గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా...

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. చెయ్యి రాలేదు. నువ్వు కుశలమే, అది తెలుస్తూనే ఉంది. ఎటు చూసినా ఒంటినిండా మంచు చుక్కలతో పోస్టర్లలో మెరిసిపోతున్నావు. నా కుశలం గురించే మొన్న పళ్ల డాక్టరుగారు కాస్త ఎక్కువసేపు ఆలోచించారు. కాబట్టి ఆ ముక్క వదిలేసి అసలు సంగతికి వస్తాను. 'మీరు' అనాలేమో, కానీ ఇన్నేళ్లు నా ఫ్రిజ్ తలుపులో కాపురమున్నదానివి, ఇప్పుడు కొత్తగా మర్యాదలేంటి?

నిన్ను మానేశాను.

ఏడవకు. కారణం చెప్తాను. ఒకరోజు రాత్రి నిన్ను గ్లాసులో సగం వదిలేసి పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి గ్యాసంతా పోయి, చల్లదనం పోయి, టేబుల్ మీద గ్లాసు చుట్టూ జిగట ముద్ర వేసుకుని కూర్చున్నావు. పారబోయడం ఎందుకులే అని ఒక గుటక వేశాను. అచ్చం దగ్గు మందు! రాత్రి నేను కళ్లు మూసుకుని 'ఆహా' అంటూ తాగింది దీన్నేనా అని గ్లాసుని వెలుతురులోకి ఎత్తి మరీ చూశాను. అదే రంగు, అదే నువ్వు. లేనిదల్లా ఆ చురుకు, ఆ చల్లదనం.

ఆ రోజే మొదటిసారి నీ డబ్బా తిప్పి చీమ తలకాయంత అక్షరాలు చదివాను. 355 మిల్లీలీటర్ల కోలాలో 39 గ్రాముల చక్కెర. చెంచాల్లో చెప్పాలంటే దాదాపు పది. నమ్మకం కుదరక అన్నే నీళ్లలో పది చెంచాలు వేసి కలిపి తాగబోయాను. రెండో గుటకకి గొంతు మొరాయించింది. మరి అదే చక్కెర నీలో ఎలా దిగిపోతోంది? తీపి వెగటు పుట్టకుండా యాసిడ్ అడ్డం నిలబడుతుంది, యాసిడ్ మంట తెలియకుండా తీపి అడ్డం నిలబడుతుంది, ఐసు ముక్కలు నాలుకని మొద్దుబార్చి రెండింటినీ కాపాడతాయి. ముగ్గురూ కలిసి ఇంత చక్కగా ఒకరి తప్పు ఒకరు కప్పిపుచ్చుకునే సంసారం నేనెక్కడా చూడలేదు. ఇలా విడిగా కలిపే చక్కెర రోజు మొత్తం మీద 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. నువ్వు ఒక్క డబ్బాతో రేపటి కోటాలో కూడా చెయ్యి పెట్టేశావు.

యాసిడ్ అంటే పళ్ల డాక్టరుగారు గుర్తొచ్చారు. యాసిడ్ ఎంతుందో చెప్పే పీహెచ్ అని ఒక లెక్క ఉంది కదా, అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ. అది 5.5 దాటి కిందికి దిగితే పంటి పైపొర కరగడం మొదలవుతుందట. నువ్వుండేది 2.5 దగ్గర. తేడా మూడే కదా అన్నాను ధీమాగా. ఒక్కో మెట్టుకి పదింతలండీ, మూడు మెట్లంటే వెయ్యి రెట్లు అన్నారాయన. నేను ఇంకా తెలివైన పని చేశానని కూడా బయటపడింది. నిన్ను తాగిన వెంటనే శుభ్రంగా బ్రష్ చేసుకునేవాణ్ణి. అసలే మెత్తబడ్డ పొరని చేతులారా గీకేసుకోవడమన్నమాట.

నీ పుట్టుపూర్వోత్తరాలు కూడా చదివాను. బుడగల వరకూ నీ వంశం మంచిదే. 1767లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త ఇంటి పక్కన బీరు తయారుచేసే చోటు ఒకటి ఉండేది. పులుస్తున్న తొట్టి మీద నిలిచే గాలిలో నీళ్లు ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి పోసి, వాటికి బుడగలు పట్టించాడాయన. పద్ధతంతా 1772లో చిన్న పుస్తకంగా అచ్చేయించాడు. దాంతో సొమ్ము చేసుకోలేదు. ఆ గ్యాసు నీళ్లని నేనిప్పటికీ తాగుతాను, వాటితో నాకు పేచీ లేదు. పేచీ తర్వాత వచ్చిన సరుకుతో. 1886లో అట్లాంటాలో జాన్ పెంబర్టన్ అనే మందుల వ్యాపారి కోలాని తలనొప్పికి, నరాల నీరసానికి మందంటూ అమ్మాడు. తలనొప్పి మందుగా పుట్టినదానివి, నిన్ను మానేసిన మొదటి మూడు రోజులూ నాకు మిగిల్చింది తలనొప్పే. నీలో ఉన్న కెఫీన్ ఒక్కసారిగా ఆపేస్తే అంతేనట. వెళ్తూ వెళ్తూ కూడా తలుపు దబాలున వేసి మరీ వెళ్లావు.

నీ వకీళ్ల తెలివి మాత్రం మెచ్చుకోవాలి. ఆ మధ్య అమెరికాలో ఒక శాస్త్రవేత్తల సంఘం బయల్దేరి, ఊబకాయానికి తిండీ తాగుడూ కంటే ఒళ్లు కదల్చకపోవడమే పెద్ద కారణమన్నట్టు ప్రచారం మొదలుపెట్టింది. డబ్బు కోకాకోలాదని 2015లో పత్రికల్లో వచ్చింది. ఆ ఏడాది ముగియకుండానే సంఘం మూతపడింది. నేను పాపం ఆ మాటే నిజమనుకుని, నడకకి వెళ్లొచ్చి బహుమానంగా నిన్నే తాగేవాణ్ణి!

ఇంతవరకూ నా ఒంటి గొడవ. దీన్ని నవ్వుతూ రాయగలను. ప్లాచిమడ సంగతి అలా రాయలేను.

కేరళలో పాలక్కాడ్ జిల్లా ఊరది. 2000లో అక్కడ కోకాకోలా ఫ్యాక్టరీ వచ్చింది. కొన్నాళ్లకి బావుల్లో నీళ్లు అడుగంటాయనీ, ఉన్న నీళ్లు వంటకి కూడా పనికిరావడం లేదనీ ఆదివాసీ ఆడవాళ్లు గొంతెత్తారు. 2002 ఏప్రిల్‌లో మయిలమ్మ లాంటివాళ్లు ఫ్యాక్టరీ ఎదుట ధర్నాకి కూర్చున్నారు. ఫ్యాక్టరీలో మిగిలిన మడ్డిని రైతులకి ఎరువని ఇస్తే, 2003లో బీబీసీ చేయించిన పరీక్షలో అందులో సీసం, కాడ్మియం తేలాయి. తప్పు మాది కాదని కంపెనీ అంటూనే వచ్చింది. పంచాయతీ లైసెన్సు పొడిగించనంది. 2004 మార్చిలో ఫ్యాక్టరీ ఆగింది, మళ్లీ తెరుచుకోలేదు. దాహం తీర్చేదానివని నీకు పేరు. ఒక లీటరు నువ్వు తయారవ్వాలంటే లీటరు కంటే ఎక్కువ నీళ్లే ఖర్చవుతాయి, చెరకు తాగే నీళ్ల లెక్క వేరే. బిందె పట్టుకుని దూరం నడిచినవాళ్ల దాహం ఏ సీసా లేబుల్ మీద రాశావు?

ఇంకా నీ ఖాళీ సీసాలున్నాయి. 84 దేశాల్లో వాలంటీర్లు ఏరిన ప్లాస్టిక్ చెత్తలో, పేరు గుర్తుపట్టగలిగినదాంట్లో 11 శాతం ఒక్క కోకాకోలాదేనని 2024లో అచ్చయిన పరిశోధన ఒకటి చెప్పింది. ఆ 11 శాతంలో నా చేతివాటం ఎంతో లెక్కేసుకోవడం మానేశాను.

ఒక నిజం ఒప్పుకోవాలి. నేను ముందు భయపడింది పంటి కోసం. ప్లాచిమడ తర్వాత చదివాను. కానీ నలుగురిలో చెప్పేటప్పుడు వరస మార్చి, నీతి ముందు, పన్ను వెనక పెడుతున్నాను. ఎందుకంటే సిగరెట్టు మానేసినవాణ్ణి భుజం తట్టే లోకం, కూల్ డ్రింక్ మానేశానంటే గొంతు తగ్గించి "అయ్యో, షుగర్ వచ్చిందా?" అని అడుగుతోంది. రాకుండా ఉండాలనే కదా బాబూ! ఇంకొకరు "పోనీ డైట్ తాగొచ్చుగా" అని నీ తమ్ముడి సంబంధం తెస్తారు. చక్కెర లేకపోయినా యాసిడ్ అదే, సీసా అదే, నీళ్లూ అవే. తోబుట్టువులంతా ఒక్క తానులో గుడ్డలే.

ఇక ఉంటాను. చిత్తగించవలెను.

ఇట్లు,
నీ మాజీ ఖాతాదారు

తా.క.: ఫ్రిజ్ తలుపులో నీ ఆఖరి సీసా ఒకటి మిగిలింది. ఇవాళ సింక్ దగ్గరికి తీసుకెళ్లి మూత తిప్పాను. 'స్‌స్స్' అంది. నోట్లో నీళ్లూరాయి, అబద్ధం చెప్పను. సీసా గట్టు మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బుడగలన్నీ పోవడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు వంచాను.