32 సెంట్లకి లెక్క కడుతున్నారు, మరి 74 సెంట్ల మాటేమిటి?

మా గెడ్డకి (వాగుకి) వరద ఆపే కట్ట వేస్తామంటున్నారు. వేయాలి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మన శ్రీకాకుళం జిల్లాలో భూమి గురించి ఎవరు నోరెత్తినా అభివృద్ధికి అడ్డం పడుతున్నారని ముద్ర వేసేస్తారు. వంశధారలో కలిసే గెడ్డల పక్కన బతికేవాళ్లని అడగండి, కట్ట వద్దనేవాళ్లు కనిపించరు. నది నిండుగా ఉన్నప్పుడు గెడ్డ నీరు అందులోకి దిగదు, వెనక్కి తంతుంది. మన దగ్గర చినుకు పడకపోయినా పైన ఒడిశా కొండల్లో కురిస్తే చాలు, ఇక్కడ మడులు మునుగుతాయి. అదీ సెప్టెంబరు, అక్టోబరుల్లో, వరి పొట్ట మీద ఉన్నప్పుడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి అదే జరిగింది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినప్పుడూ మళ్లీ అదే. ఉద్దానంలో కూలిన కొబ్బరి తోటలని రాష్ట్రమంతా చూసింది, చూడాల్సిందే. నీళ్లు తీసేశాక మడిలో మిగిలే ఇసక మేట మాత్రం ఫొటోలో పెద్దగా కనపడదు. దాన్ని ఎత్తించి పోయించడానికి అయ్యే ఖర్చు ఆ రైతుకే తెలుస్తుంది.

నా బాధంతా కట్ట కోసం భూమి తీసుకునే పద్ధతి మీద. కట్ట కింద పోయే జిరాయితీకి (మా సొంత పట్టా భూమికి) బదులు ఇంకోచోట భూమి ఇస్తాం, మార్పిడి చేసుకుందాం అని మా ఊరికి వచ్చి చెప్పారు. డబ్బు కంటే ఇదే మంచిదని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2013 భూసేకరణ చట్టం పరిహారం విషయంలో పాత 1894 చట్టం కంటే ఎంతో మేలు. గత మూడేళ్ల అమ్మకం దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగాన్ని తీసుకుని సగటు కడతారు, పల్లెల్లో దాన్ని గుణకంతో పెంచుతారు, ఆ పైన సొలేషియం అని నూటికి నూరు కలుపుతారు. వినడానికి బాగుంటుంది. కానీ మొదలే దస్తావేజులో రాసిన ధర. మన వైపు దస్తావేజులో రాసేది ఒకటి, చేతులు మారేది ఒకటి. మొదలు తక్కువైతే దాన్ని ఎన్ని రెట్లు చేసినా ఊళ్లో నడిచే ధరకి చేరడం కష్టమే. పైగా అర ఎకరం, ఎకరం ఉన్న ఇంట్లో ఆ డబ్బు ముగ్గురు అన్నదమ్ములు, ఇద్దరు అప్పచెల్లెళ్ల మధ్య పంచాక ఎవరి చేతిలోనూ మళ్లీ భూమి కొనేంత మిగలదు. పోయిన భూమికి వచ్చిన డబ్బుతో అదే ఊళ్లో అంత భూమీ కొన్న మనిషిని నేనైతే చూడలేదు. విశాఖలోనో చెన్నైలోనో బిల్డింగు పనుల్లో తేలినవాళ్లని చాలామందిని చూశాను. హిరమండలం రిజర్వాయరు కింద ఊళ్లు వదిలి వచ్చినవాళ్లతో ఒక్క పూట కూర్చుని మాట్లాడండి, ఈ సంగతి నాకంటే బాగా చెబుతారు.

అందుకే భూమికి భూమి అన్నప్పుడు సంతోషించాను. కొలతలు చూశాక ఆ సంతోషం పోయింది.

లెక్క మీరే చూడండి. కట్ట ఎత్తు రెండున్నర మీటర్లు అనుకుందాం. పైన మూడు మీటర్ల వెడల్పు, రెండు వైపులా ఒక మీటరు ఎత్తుకి రెండు మీటర్ల వాలు. అడుగున 13 మీటర్లు పడుతుంది. ఒక రైతుకి గెడ్డ వెంబడి 100 మీటర్ల పొడవున పొలం ఉంటే కట్ట కింద పోయేది 1300 చదరపు మీటర్లు, అంటే 32 సెంట్లు. మార్పిడి ఇస్తామంటున్నది ఈ 32 సెంట్లకే. అయితే కట్టని గెడ్డ ఒడ్డునే వేయరు, వేయకూడదు కూడా. మా దగ్గర ఒడ్డు నుంచి 30 మీటర్లు వెనక్కి జరిపి ముగ్గు పోశారు. ఆ 30 మీటర్లని ఈ 100 మీటర్లతో గుణిస్తే 3000 చదరపు మీటర్లు. 74 సెంట్లు! ఆ 74 సెంట్లు కట్టకీ గెడ్డకీ మధ్యన ఉండిపోతాయి. వాటికి మార్పిడి లేదు, డబ్బు లేదు, ఏ కాగితంలోనూ వాటి ప్రస్తావనే లేదు.

మా చిన్నాన్న కొలతలకి వచ్చిన ఆఫీసరుని అడిగాడు, "కట్టకి గెడ్డ వైపు మిగిలిన మా భూమి సంగతేటి బాబూ?" అని. "అది మేం తీసుకోవట్లేదు కదండీ, మీ పేరు మీదే ఉంటుంది, పండించుకోండి" అన్నాడాయన. మర్యాదగానే చెప్పాడు, ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకిచ్చిన మ్యాపులో కట్ట గీత ఒక్కటే ఉంది. ఆ గీతకి అటు ఉన్నవాడి బతుకు ఏమవుతుందో ఆ మ్యాపులో లేదు.

ఏమవుతుందో నేను చెబుతాను. ఇంతవరకు గెడ్డ పొంగితే నీరు ఊరి పొలాలన్నిటి మీదా పరుచుకునేది. అందరికీ కొంత నష్టం. ఇకమీదట కట్ట అడ్డం ఉంటుంది కాబట్టి ఆ నీరంతా కట్ట లోపలే నిలుస్తుంది. లోపలి మడిలో లోతు పెరుగుతుంది, వేగం పెరుగుతుంది, ఒక పక్క కోత, ఒక పక్క ఇసక మేట. రెండేళ్లలో ఆ భూమికి కొనేవాడు ఉండడు. ట్రాక్టరు లోపలికి దింపాలంటే కట్ట దాటాలి, ర్యాంపు ఎక్కడ వేస్తారో తెలీదు. మోటారు పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. పాస్‌బుక్కులో మాత్రం ఆ సర్వే నంబరు అలాగే ఉంటుంది. పేరుకి ఎకరం రైతు. నిజానికి అతని భూమి వరదని దాచుకునే చోటు అయిపోయింది, ఊరందరి కోసం.

బీహార్‌లో కోసి నదికి 1950ల్లో రెండు వైపులా కట్టలు వేశారు. కట్టల మధ్యన వందలాది ఊళ్లు ఉండిపోయాయి. బయటివాళ్లకి రక్షణ అన్నారు, లోపలివాళ్లని ఏటా వరదకి వదిలేశారు. డెబ్బై ఏళ్లయినా ఆ ఊళ్ల కష్టం తీరలేదు. అంత పెద్ద నది మాట మన చిన్న గెడ్డకి ఎందుకు అనొద్దు. కట్టకి అటు ఇల్లో మడో మిగిలినవాడికి నది పెద్దదైనా గెడ్డ చిన్నదైనా నష్టం ఒకే రకంగా వస్తుంది.

దీనికి విరుగుడుగా కొందరు, "అయితే కట్టని గెడ్డ ఒడ్డుకే జరపమను, లోపల భూమే మిగలదు" అంటున్నారు. దయచేసి ఆ మాట అనకండి. గెడ్డని ఇరుకు చేస్తే నీటి మట్టం ఇంకా పైకి లేస్తుంది, ఒడ్డు కోతకి కట్ట పాదమే జారుతుంది. తెగిన కట్ట, కట్ట లేని గెడ్డ కంటే ప్రమాదం. ఇంజినీర్లు 30 మీటర్లు వదలడం సరైన పనే. వదిలిన ఆ 30 మీటర్లు ఎవరివో వాళ్లకి బదులు ఇవ్వకపోవడమే అన్యాయం.

చట్టంలో దారి లేదా అంటే ఉంది. అదే 2013 చట్టం 28వ సెక్షన్‌లో, తీసుకున్న ముక్క వల్ల రైతు మిగతా భూమి విడిపోయి కలిగే నష్టాన్నీ, మిగతా ఆస్తికి జరిగే చెడునీ పరిహారంలో లెక్కలోకి తీసుకోవాలని స్పష్టంగా ఉంది. రెండో షెడ్యూల్‌లో సాగునీటి ప్రాజెక్టులకి వీలైనంత వరకు భూమికి భూమి ఇవ్వాలన్న మాట కూడా ఉంది. వరద కట్టకి అది వర్తిస్తుందా లేదా అని వాదించుకోవచ్చు. నేనడిగేది ఆ వాదన కంటే చిన్నది. మార్పిడి చేస్తామని మీరే ఒప్పుకున్నారు కదా, అయితే కట్ట కింది భూమితో పాటు కట్ట లోపలి భూమికి కూడా చేయండి.

ఇక బదులు ఇచ్చే భూమి. ఇక్కడే చాలామంది మోసపోతారని నా భయం. మా దగ్గర చూపిస్తున్న దాంట్లో కొంత పాత గెడ్డ. ఎప్పుడో గెడ్డ దారి మార్చుకుంది, ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే పటంలో, ఇంకా పాత దారే ఉంది, పోరంబోకు అని. ఇప్పుడు అది ఎండి ఉంది కాబట్టి దాన్ని ఇస్తే సరిపోతుందని ఎవరికో తోచింది. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. పెద్ద వరదకి గెడ్డ ముందు వెతుక్కునేది ఆ పాత దారినే. నీటి దారి పోరంబోకుని పట్టాకి ఇవ్వకూడదని రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్లు ఊరికే పెట్టలేదు. ఊరుమ్మడి భూములు, చెరువులు ఎవరికీ ధారాదత్తం చేయొద్దని 2011లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. పైగా ఆ పాత గెడ్డలో ఇప్పుడు ఎవరున్నారు? సెంటు భూమి లేని కుటుంబాలు పెసర, మినుము చల్లుకుని బతుకుతున్నాయి. వాళ్లని లేపి మాకు ఇస్తే, మా నష్టాన్ని మాకంటే పేదవాళ్ల నెత్తిన పెట్టినట్టు. అలాంటి మార్పిడి నాకొద్దు.

ఇంకొకటి డీ పట్టా, అంటే ప్రభుత్వం అసైన్ చేసి ఇచ్చే భూమి. జిరాయితీ ఇచ్చి డీ పట్టా తీసుకుంటే మునిగినట్టే. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కింద దాన్ని ఇష్టమొచ్చినప్పుడు అమ్ముకోలేం. 2023లో ఇరవై ఏళ్లు దాటిన వాటికి సడలింపు ఇచ్చారు, కానీ కొత్తగా వచ్చే పట్టాకి ఆ ఇరవై ఏళ్లు ఇవాళ్టి నుంచే మొదలు. కూతురి పెళ్లికో కొడుకు చదువుకో పది సెంట్లు అమ్ముకుందామని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళితే 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందంటారు. జిరాయితీకి జిరాయితీయే రావాలి. ఆ సర్వే నంబరు 22-ఏ నుంచి తీసేశారన్న కాగితం చేతిలో పడ్డాకే మనం సంతకం పెట్టాలి.

విస్తీర్ణం సమానమైతే చాలన్న మాట కూడా నేను ఒప్పుకోను. గెడ్డ పక్క పల్లపు మడి ఏటా ఒండ్రు పట్టిన భూమి. అందులో శ్రీకాకుళం సన్నాలు పండించి, కోతలు కాకముందే పెసరో మినుమో చల్లి రెండో పంట తీసుకుంటారు. దానికి బదులు కొండవాలు మెట్టలో అంతే సెంట్లు ఇస్తే సమానం ఎలా అవుతుంది? పంజాబులో 1948 చట్టంతో, ఉత్తరప్రదేశ్‌లో 1953 చట్టంతో ముక్కలు ముక్కలుగా ఉన్న పొలాలని మార్పిడి చేసి ఒకచోట చేర్చారు. చకబందీ అంటారు. అక్కడ మడి మడికీ మట్టిని బట్టి, నీటి వసతిని బట్టి విలువ కట్టి, ఆ విలువకి విలువ మార్చారు. తగాదాలు రాలేదని అనను. కానీ గజాలతో మాత్రమే కొలిస్తే న్యాయం జరగదని అప్పుడే తెలుసుకున్నారు. మన దగ్గర గ్రామసభలో ఆ పని చేయడానికి ఏం అడ్డం? ఏ మడి ఎన్ని బస్తాలు పండుతుందో ఊళ్లో పెద్దవాళ్లకి నోటికి వచ్చు.

"ప్రభుత్వం దగ్గర అంత మంచి భూమి ఎక్కడుంది" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబుకి మా వీధిలోనే నన్ను తిడతారు, అయినా చెబుతాను. కట్ట వెనకున్న భూముల నుంచి రావాలి. కట్ట పడిన మర్నాడే వాటి ధర పెరుగుతుంది. రోడ్డు పక్కవైతే ఇళ్ల స్థలాలే అవుతాయి. ఆ లాభం ఊరికే వచ్చింది కాదు, లోపలివాడి మడి మునిగితే వచ్చింది. ఒక కిలోమీటరు కట్టకి లోపల చిక్కే భూమి ఏడు ఎకరాల 40 సెంట్లు. వెనక 250 ఎకరాలకి రక్షణ వస్తుందనుకుంటే ఎకరాకి 3 సెంట్లు ఇస్తే ఏడున్నర ఎకరాలు. గట్లు జరుపుకోవడం కుదరకపోతే ఆ 3 సెంట్ల విలువ డబ్బుగా ఇవ్వొచ్చు, ఆ డబ్బుతో ఊళ్లో ఇష్టపడి అమ్మేవాళ్ల దగ్గర ప్రభుత్వం కొని లోపలివాళ్లకి ఇవ్వొచ్చు. మాకు కట్టకి అటూ ఇటూ రెండు వైపులా పొలం ఉంది, బయటి ముక్కకి మా వాటా 3 సెంట్లు ఇస్తామని నాన్న ఇప్పటికే చెప్పాడు.

బయటి పొలాలవాళ్లు కూడా ఒక విషయం అడిగి తీరాలి, తూములు. ఇప్పుడు మీ మడుల్లో నీరు గెడ్డలోకి పోతోంది. రేపు కట్ట అడ్డం పడితే ఎటు పోతుంది? షట్టర్లున్న తూములు సరైన పల్లంలో పెట్టకపోతే గెడ్డ నీటికి కాకుండా వాన నీటికే మునుగుతారు.

కౌలుదార్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మా గెడ్డ పక్క పొలాలు చాలావరకు కౌలుకే ఉన్నాయి. మార్పిడి అయితే యజమానికి వేరేచోట భూమి వస్తుంది, ఇన్నేళ్లూ దున్నినవాడికి ఏమీ రాదు. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి, పెట్టేవాళ్లు తక్కువ. కొత్త భూమిలో కూడా కనీసం మూడు పంటల వరకు పాత కౌలుదారుకే ఇవ్వాలని మార్పిడి కాగితంలో రాయించాలి.

ఆఖరుది, అన్నిటికంటే ముఖ్యం, వరస. ముందు జేసీబీ వచ్చి, తర్వాత కాగితం అంటే నేను ఒప్పుకోను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 118వ సెక్షన్‌లో మార్పిడి అంటే ఇద్దరూ ఒకరి ఆస్తి ఒకరికి ఇచ్చుకోవడం అని ఉంది. ఇద్దరూ ఇవ్వాలి. మనం భూమి అప్పజెప్పి, అవతలివాళ్లు మాట ఇస్తే అది మార్పిడి అవదు. రిజిస్టరు దస్తావేజు, కొత్త 1-బీ (యాజమాన్య రికార్డు), అడంగల్‌లో (సాగు రికార్డులో) పేరు, సొసైటీ అప్పు కొత్త సర్వే నంబరుకి మార్చడం, ఇవన్నీ అయ్యాక ముగ్గు మీద మట్టి పోయండి. తాత పేరు మీదే ఉండిపోయిన భూములకి వారసుల పేర్లు ఎక్కించే క్యాంపు ఊళ్లోనే పెట్టాలి, అప్పచెల్లెళ్ల పేర్లతో సహా. లేకపోతే సగం మందికి మార్పిడే దక్కదు.

ఇదంతా అర్జీగా రాశాం. కట్ట లోపలి ప్రతి సర్వే నంబరు, దాని విస్తీర్ణం విడిగా పట్టిక చేశాం. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి తీసుకెళ్తున్నాం. గెడ్డకి అటు ఒడ్డు ఊళ్లవాళ్లు కూడా వస్తే బాగుంటుంది, మీ వైపు కూడా ఇదే కొలత వేస్తారు. వచ్చేవాళ్లు 1-బీ, అడంగల్ నకళ్లు తెచ్చుకోండి. కౌలుకి చేసేవాళ్లు ఏ కాగితమూ లేదని ఆగిపోవద్దు, మీ పేర్లకి అర్జీలో వేరే పేజీ పెట్టాం.