చలికాలంలో సముద్రం నిద్రపోతుందా? ఆ వాట్సాప్ మెసేజ్‌కు జవాబు

దేవరకొండ, మిర్యాలగూడ వైపు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మర్చంట్ నేవీలో చేరే పిల్లల తల్లిదండ్రులకు ధైర్యం చెప్పడానికట. అందులో ఉన్నది ఇదీ: తుఫాన్లు వానాకాలం వరకే, చలికాలంలో సముద్రం చెరువులా ఉంటుంది, ఎనభై అడుగుల అలలు నావికులు కోసే కోతలు, మునిగినవి పాతకాలపు చెక్క ఓడలే, ఇప్పటివి ఇనుప కొండలు, శాటిలైట్ ముందే చెబుతుంది కాబట్టి కెప్టెన్ తప్పించుకుపోతాడు, కాదంటే దగ్గరి రేవులో ఆగుతాడు.

మా అక్క దీన్ని పూర్తిగా నమ్మింది. మేనల్లుడు ఈ జనవరిలో చైనా నుంచి అమెరికా పోయే కంటైనర్ ఓడలో ఉన్నాడు. "మూడు రోజులైంది నిద్ర లేక, పరుపు అంచు కింద లైఫ్ జాకెట్ కుక్కి గోడకు ఆనుకుని పడుకుంటున్నానమ్మా, లేకపోతే కింద పడుతున్నా" అని వాడు చెబితే, "చలికాలంలో తుఫానేందిరా, ఇంటికి రావడానికి సాకులు చెప్పకు, అంతగా ఉంటే దగ్గర్లో ఏదన్నా రేవులో ఆపమని మీ కెప్టెన్‌కు చెప్పు" అంది. వాడు ఏమీ మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడు. నాకు చాలా బాధేసింది. నేను ఓడ ఎక్కినవాణ్ని కాదు, కానీ వాడు చేరినప్పటి నుంచి ఈ ప్రమాదాల గురించి దొరికినదల్లా చదువుతూనే ఉన్నా.

ముందు చలికాలం సంగతి. మనకు సంక్రాంతి నాటికి ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి లోకమంతా అంతే అనుకుంటాం. బంగాళాఖాతం తుఫాను వెచ్చని సముద్రపు నీటి నుంచి బలం తెచ్చుకుంటుంది. ఉత్తర పసిఫిక్, ఉత్తర అట్లాంటిక్ తుఫాన్ల లెక్క వేరు: ధ్రువం వైపు నుంచి దిగే గడ్డకట్టే గాలి, దక్షిణం నుంచి వచ్చే వెచ్చని గాలి ఒకదానికొకటి ఎదురైన చోట, ఆ రెండింటి వేడిలో ఉన్న తేడా నుంచే వాటికి బలం వస్తుంది, ఆ తేడా ఎక్కువగా ఉండేది చలికాలంలోనే. అవి వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి కొండకు పోయినవాళ్లు చూసే ఉంటారు, ఎంత గాలి వీచినా అక్కడ అల కొంతవరకే లేస్తుంది, ఎందుకంటే గాలి నీటిని తోసుకుంటూ పోవడానికి చోటు చాలదు. మహాసముద్రంలో అదే గాలి వందల కిలోమీటర్లు, రోజుల తరబడి తోస్తుంది. అల ఎత్తు రెండింతలైతే అందులోని శక్తి నాలుగింతలవుతుంది.

ఓడ పక్కన గీతలుంటాయి, ఎంత లోతు దాకా సరుకు నింపొచ్చో చెప్పేవి. బ్రిటన్ 1876లో చట్టం చేసి ఈ గుర్తు తప్పనిసరి చేసింది. ఇప్పుడు ఎండాకాలానికి ఒక గీత, చలికాలానికి దాని కింద ఇంకో గీత, చిన్న ఓడలకైతే చలికాలపు ఉత్తర అట్లాంటిక్ కోసమే ప్రత్యేకంగా మరింత కింద ఒకటి. మిర్యాలగూడ మిల్లు దగ్గర లారీకి ఏ కాలమైనా ఒకటే లోడు, ఓడకు మాత్రం చలికాలంలో తగ్గించాలి. సముద్రం చెరువులా ఉంటే ఈ గీతలు దేనికి?

ఎనభై అడుగుల అల కోత కాదు. 1995 జనవరి 1న నార్త్ సీలో ద్రౌప్నర్ అనే గ్యాస్ ప్లాట్‌ఫాం మీది లేజర్ పరికరం 25.6 మీటర్ల అలను కొలిచింది, అంటే 84 అడుగులు. అంతకుముందు దాకా నావికులు చెబితే చాలామంది శాస్త్రవేత్తలే నమ్మలేదు. ఆ పాత అనుమానాన్నే ఈ మెసేజ్ రాసినవాళ్లు మళ్లీ మన మీదికి వదిలారు.

ఇనుప కొండల మాటకొస్తే, 1978 డిసెంబరులో మ్యూనిక్ అనే జర్మన్ ఓడ, 261 మీటర్ల పొడవున్నది, 28 మందితో అట్లాంటిక్‌లో మాయమైంది. దొరికిన వాటిలో ఒక లైఫ్ బోటు ఉంది. నీటికి ఇరవై మీటర్ల ఎత్తున వేలాడదీసిన బోటు అది, దాన్ని పట్టి ఉంచే ఇనుప పిన్నులు ముందు నుంచి ఏదో కొట్టినట్టు వెనక్కి వంగిపోయి ఉన్నాయి. అంత ఎత్తున ఏం కొట్టి ఉంటుందో ఆలోచించండి. పొడవు ఎక్కువైతే ఇంకో ఇబ్బంది, ముందు వెనకల రెండు అలల మీద నిలిచి ఓడ నడుము గాల్లో ఉన్నట్టవుతుంది, మరుక్షణం నడుము కింద అల వచ్చి రెండు చివర్లూ వేలాడతాయి. 1999 డిసెంబరులో ఫ్రాన్స్ దగ్గర ఎరికా అనే ట్యాంకర్ తుఫానులో రెండు ముక్కలైంది. అందులోని 26 మందీ మన భారతీయులే, అందరినీ కాపాడారు.

మునగకపోయినా నష్టం తక్కువేం కాదు. 2020 నవంబరు 30న వన్ ఏపస్ అనే ఓడ మేనల్లుడు పోతున్న దారి లాంటి దారిలోనే, చైనా నుంచి అమెరికా పోతూ, 1,816 కంటైనర్లను సముద్రంలో పోగొట్టుకుంది. ఒక్కోటి నలభై అడుగులదనుకుని వరుసగా పేరిస్తే నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ దాకా వస్తాయి.

శాటిలైట్ మేలు చేస్తుంది, కాదనను. ఎన్నో ఓడలు దాని వల్లే దారి మార్చుకుని బతికిపోతున్నాయి. కానీ ఓడ వేగం గంటకు ముప్పై, నలభై కిలోమీటర్లు, పైన చెప్పిన తుఫాను వెడల్పు చూడండి, దాని అంచు దాటాలన్నా ఒకటి రెండు రోజులు. పైగా సమాచారం సరైన సమయానికి చేతిలో ఉండాలి. 2015 అక్టోబరు 1న ఎల్ ఫారో అనే అమెరికా ఓడ హరికేన్‌లో 33 మందితో మునిగింది, కెప్టెన్ చూసుకున్న వాతావరణ ఫైలు అప్పటికే గంటల పాతదని విచారణలో తేలింది.

ఇక రేవు. పసిఫిక్ నడిమధ్య రేవు ఎక్కడుంది? తీరం దగ్గరున్నా ఆ సమయంలో ఒడ్డే ప్రమాదం. విశాఖలో 2020 అక్టోబరులో లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ ఓడ గాలికి నిలవలేక తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది, మనవాళ్లు బస్సులేసుకుని పోయి ఫొటోలు దిగారు కదా. పెద్ద తుఫాను వస్తోందంటే రేవులోని ఓడలనే సముద్రంలోకి పంపేస్తారు, గోడకు కొట్టుకుంటే ఓడా రేవూ రెండూ పోతాయని. బయట ఖాళీ నీళ్లుంటే ముక్కును అలకు ఎదురుగా పెట్టి, వేగం తగ్గించి, గంటల తరబడి ఓర్చుకోవచ్చు.

ఇదంతా అక్కకు కూర్చోబెట్టి చెప్పాను. నిన్న వాడు ఫోన్ చేస్తే రేవు మాట ఎత్తలేదు. "లైఫ్ జాకెట్ పరుపు కింద సరిగ్గా పెట్టుకున్నావా బిడ్డా" అని అడిగింది.