మాంసం మానితే కులం వెతుకుతామా?

ఈసారి మన సంఘం సంక్రాంతి సంబరాల్లో భోజనాల దగ్గర జరిగినది రాయకుండా ఉండలేకపోతున్నాను. కాలేజీలో చదువుతున్న మా అన్నయ్య కూతురు కోడికూర వద్దని శాకాహారం బల్ల వైపు వెళ్లింది. వడ్డిస్తున్న పెద్దాయన, "మనవాళ్లు మానేయడమేమిటమ్మా? ఎవరింటికి కోడలిగా వెళ్తున్నావు?" అన్నారు. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పిల్లకు అర్థం కాలేదు. వాళ్ల అమ్మకు అర్థమై ముఖం కందిపోయింది. మూగజీవాల మీద జాలితో, భూమి వేడెక్కిపోతోందన్న బెంగతో మానుకుందా అమ్మాయి. మనం అందులో కులం వెతికాం. పోనీ, ఆ బల్ల మీద ఆమెకు దొరికినదేమిటి? పనీర్ కూర, చల్లారిన పప్పు.

మాంసం తినడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు. 2014లో భారత ప్రభుత్వం జరిపిన నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 98 మంది మాంసాహారులే. శాకాహారమే శుచి అంటూ మనలో చాలామందికి తాతముత్తాతలైనవారిని పంక్తికి దూరంగా కూర్చోబెట్టారు. అందుకే "మానేశాను" అన్న మాట వినగానే ఉలిక్కిపడతాం. ఆ ఉలికిపాటు న్యాయమైనదే. దాన్ని ఒక పసిమనసు మీద చూపడం మాత్రం న్యాయం కాదు.

మా నాయనమ్మ ఇంట్లో మాంసం ఆదివారాలకు, పండగలకు వచ్చే వంట. ఊళ్లో పోతును కోసి పోగులు వేసేవారు. మా పోగు ఇంటిల్లిపాదికీ సరిపోవాలి. కాబట్టి కూరలో దోసకాయ ముక్కలు పడేవి. వేసవిలో చింతచిగురు, వానాకాలంలో గోంగూర. కంచంలో ముక్కలు ఒకటో రెండో, అన్నమంతా ఆ పులుసుతోనే. కార్తీకమాసంలో నీచు గడప తొక్కేది కాదు. అందులో లేమి ఉంది, కాదనను. ఎంతో రుచీ ఉంది. ఇక్కడ, మన సంఘంలో అలా కాదు, కోడి, మేక, రొయ్య లేని విందే లేదు. వేటమాంసం, గొడ్డుమాంసం వంటివి క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉందని 2015లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం చెప్పింది. గుండెకు స్టెంట్లు వేయించుకున్న మిత్రులు మన సంఘంలోనే ఎందరో.

ఉగాది వంటల జాబితాకు ఫుడ్ కమిటీ త్వరలో కూర్చుంటుంది. బిర్యానీ తీసేయమని అడగడం లేదు. గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, పనసపొట్టు కూర, ఉలవచారు అందరికీ ముందు వరుసలో పెట్టండి. మాంసం వండితే మన గోంగూరతో, దోసకాయతో వండండి. వంటకు చేయి సాయం కావాలంటే నేను వస్తాను. వడ్డించేవారికి మాత్రం ముందే చెప్పండి, కంచం చూసి ఎవరినీ ఏ వాళ్లని అడగవద్దని.